ఆరో సబ్బు

"ఏమండీ! మీరు దాని మీద ఉమ్ముతున్నారా?"

అంత గట్టిగా అనాలని ఆమె అనుకోలేదు. మ్యూజియం వెనక గదికి పైకప్పు ఎత్తెక్కువ. ఆమె గొంతు అక్కడిదాకా వెళ్ళి తగిలి, మళ్ళీ ఆమె నెత్తినే వచ్చి పడింది.

బల్ల ముందు కూర్చున్న అతను తల తిప్పలేదు. పుల్లకి చుట్టిన దూదిని నోట్లోంచి తీసి, ఎదురుగా ఉన్న చెక్కబొమ్మ చెంప మీద మెల్లగా గుండ్రంగా తిప్పుతున్నాడు. ఎప్పటిదో పాత బొమ్మ. ఆడమనిషి. ఒక చెంప మసిబారి ఉంది. రెండోది అప్పుడే నిద్ర లేచినట్టు ఎర్రగా ఉంది.

"ఉమ్మడం లేదండీ, తుడుస్తున్నాను."

"ఉమ్మితో!"

"దీనికంటే మెత్తగా మురికి తీసే మందు మా దగ్గర లేదు. అమ్మలు వేలు తడి చేసుకుని పిల్లల మూతి తుడవరూ? అదే ఇది." అప్పుడు తిరిగి చూశాడు. "మీరు... సబ్బుల అమ్మాయా?"

"శిల్పిని."

"అదేలెండి, సబ్బు శిల్పి. మీకోసమే ఫారం పెట్టుకుని కూర్చున్నాను."

"కూర్చుని ఊరుకోకుండా ఇలా..."

అతను నవ్వేశాడు. ఆమెకి నవ్వు రాలేదు. పొద్దున్నే నాలుగు చెక్కపెట్టెలు వ్యాన్‌లోంచి దింపించి, మెట్ల మీద కూలివాళ్ళకి "మెల్లగా, మెల్లగా" అని చెప్పి చెప్పి ఆమె ఓపిక అప్పటికే పోయింది.

పాత బొమ్మల పగుళ్ళు పూడ్చడం, రంగు రాలకుండా చూడటం, చెద పట్టకుండా కాపాడటం అతని ఉద్యోగం. మ్యూజియంలో అందరూ అతన్ని డాక్టరు అంటారు. కొత్త బొమ్మ ఏది లోపలికొచ్చినా అతని ఫారం దాటి రావాలి. దేంతో చేశారు, ఎన్నేళ్ళుంటుంది అని అందులో రెండు వరుసలు.

"స్టీలు?"

"మనిషి. పాత డబ్బాల రేకులు కత్తిరించి అతికించాను. ఎన్నేళ్ళయినా ఉంటాడు."

"గుడ్డ?"

"అతని కోటు. ఏడుగురి పాత బట్టలు కోసి కుట్టింది. పోగులు ఊడిపోతున్నాయి, ఊడనివ్వండి."

అతను ఒకసారి తలెత్తి చూసి, మళ్ళీ రాసుకున్నాడు. "సబ్బు?"

"నలభై రోజులు."

"తర్వాత?"

"తర్వాత ఉండవు."

కలం ఆగింది. "ఉండవు అని రాయడానికి ఇందులో గడి లేదండీ."

"గీసుకోండి. స్కేలు ఇవ్వనా?"

*

ఆమె శిల్పం ఇది. చావులేని మనిషి ఒకడు నిలబడి ఉంటాడు. ఒళ్ళంతా స్టీలు, గాజు కళ్ళు, ముంజేతి మీద తువ్వాలు. అతని ముందు పారే నీళ్ళ కుళాయి, వెడల్పాటి తొట్టి. తొట్టి గట్టు మీద పిడికిలంత సబ్బు ముఖాలు ఏడు. అతని భార్య, స్నేహితుడు, కొడుకు, కోడలు, ఇంకా వరసగా. చూడటానికి వచ్చినవాళ్ళు ఆ ముఖాలతో చేతులు కడుక్కోవాలి. అతని తువ్వాలుకి తుడుచుకుని వెళ్ళిపోవాలి. ఏడుగురూ రోజురోజుకీ అరుగుతారు. అతను మాత్రం తువ్వాలు పట్టుకుని అలాగే నిలబడి ఉంటాడు. చావు లేకపోవడమంటే అంతేనని ఆమె అనుకుంది. అందరికీ చేయి తుడుచుకోవడానికి గుడ్డ అందించడం, తన చేయి తుడిచే మనిషి లేకపోవడం.

ఆరో ముఖం వాళ్ళ నాన్నది. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు.

నాన్న వ్యాను డ్రైవరు. ఒకసారి బ్రేకు గట్టిగా వేసినప్పుడు స్టీరింగుకి కొట్టుకుని ముక్కు ఎడమకి వంగింది. ముక్కు పక్కనే చిన్న పులిపిరి. ఆయన ఆసుపత్రిలో ఉన్నప్పుడు ఆమె వేరే ఊళ్ళో ఒక హోటలు కోసం ప్లాస్టరు గుర్రం చేస్తోంది. "కంగారేం లేదు, పని ముగించుకునే రా" అని అమ్మ ఫోన్‌లో అంది. ఆమె ముగించుకునే వెళ్ళింది. వెళ్ళేసరికి ముఖం మీద దుప్పటి కప్పేశారు. రెండు గంటలు ఆలస్యం. గుర్రానికి రెండో పూత రంగు వెయ్యడానికి సరిగ్గా అంతే పట్టింది.

ఏడాది గడిచింది. ఆ ఏడాదీ అద్దె గదిలో ఒక కుర్చీ, ఒక కంచం, ఒక గ్లాసుతో గడిపింది. అమ్మ అన్నయ్య దగ్గర ఉంటోంది. వారానికోసారి ఫోన్ చేసి "తిన్నావా" అంటుంది. ఈమె "తిన్నాను" అంటుంది. ఆ తర్వాత ఇద్దరికీ మాటలుండవు.

అందుకని సబ్బు కాచి, పోసి, చెక్కింది. ఈసారి నాన్న వెళ్ళిపోతుంటే రోజూ పక్కన కూర్చుంటుంది. ఆఖరి నిమిషం దాకా ఉంటుంది. ఆమెకి కావలసింది అదొక్కటే.

*

రోజూ నాలుగింటికి వచ్చి తొట్టికి ఎదురుగా బల్ల మీద కూర్చునేది. జనం మొదట భయపడేవారు, తర్వాత నవ్వుతూ కడుక్కునేవారు. గదికి కాపలా ఉండే అక్క స్టీలు మనిషికి అప్పుడే 'తువ్వాలు మామ' అని పేరు పెట్టేసింది.

"మామా, కాస్త చూస్తూండు, టీ తాగొస్తా" అని అతనికి గది అప్పజెప్పి మరీ వెళ్ళేది.

మొదటి వారంలోనే డాక్టరు కూడా ఆ బల్ల మీదికి చేరాడు. ఇద్దరి మధ్యా ఒక మనిషి పట్టేంత ఖాళీ.

"మీరేంటిక్కడ?"

"పేషెంట్లని చూసుకోవాలి కదండీ."

"వీళ్ళకి వైద్యం లేదు."

"అందుకే కూర్చున్నాను. వైద్యం ఉంటే లేచి పని చేసేవాణ్ణి."

ఆమె పెదవి ఒక పక్క కొంచెం కదిలింది. అతను అది చూశాడు. చూసినట్టు కనపడకుండా కిటికీ వైపు తిరిగాడు.

మర్నాడు రెండు కాగితపు కప్పుల్లో టీ తెచ్చాడు. ఆ మర్నాడు ఖాళీ అరమనిషికి తగ్గింది. అతను మాటకారి. పురుగులు తిన్న పడవ గురించీ, ఎవరో చూయింగ్ గమ్ అతికించి వెళ్ళిన రాతి చెవి గురించీ చెప్పేవాడు. ఆమె వినేది. తన గొంతు అలవాటు తప్పిన తలుపులా ఉందని, తెరిస్తే కిర్రుమంటుందని ఆమెకి భయం.

"మీరు మాట్లాడాలంటే టికెట్టేమైనా కొనాలా అండీ?"

"మీరు ఊరుకుంటే నేనే కొంటాను."

కాపలా అక్క టీ గ్లాసులోకి నవ్వింది.

పన్నెండో రోజు, శనివారం, విపరీతమైన వాన. చూడటానికి ఒక్కరూ రాలేదు. కిటికీ అద్దాల మీద నీళ్ళు ఒకదాని వెనక ఒకటి జారుతున్నాయి. తొట్టి గట్టు మీద ఏడు ముఖాలూ ఎవరి చేతుల కోసమో ఎదురుచూస్తున్నట్టున్నాయి.

"ఆరో ఆయన మీకు తెలుసా?" అన్నాడతను ఉన్నట్టుండి. "మిగతావాళ్ళని అలా చూసి ఇలా వదిలేస్తారు. ఆయన దగ్గర మీ కళ్ళు ఆగిపోతాయి."

ఆమె చేతిలోని టీ కప్పు బల్ల మీద పెట్టింది.

"మా నాన్న. పోయి ఏడాది."

ఆ రెండు మాటలతోపాటే కళ్ళలోంచి నీళ్ళు కూడా వచ్చాయి. మిగతాది చెప్పాలనుకుంది, గుర్రం సంగతి, రెండు గంటల సంగతి. అవి లోపలే ఉండిపోయాయి. అతను జేబులోంచి రుమాలు తీసి ఖాళీ స్థలంలో పెట్టాడు. ఏమీ అడగలేదు. అడగకపోతే అర్థం చేసుకున్నాడనే ఆమె అనుకుంది. ఆ రోజు తన గదికి వెళ్ళేటప్పుడు వానలో కావాలని మెల్లగా నడిచింది.

*

ఆ తర్వాత రెండు వారాలూ నాన్న భలే గట్టిగా నిలబడ్డాడు. భార్య ముక్కు పోయింది, స్నేహితుడి గడ్డం పోయింది, కోడలైతే కోడిగుడ్డులా నున్నగా అయింది. నాన్న చెంపలు మాత్రం నిండుగానే ఉన్నాయి.

"మీ నాన్నగారు మొండివారే" అన్నాడు డాక్టరు.

"అవును, ఎవరి మాటా వినరు" అంది ఆమె గర్వంగా.

ఇరవై తొమ్మిదో రోజు మంగళవారం. సోమవారం మ్యూజియానికి సెలవు కనుక ఆమె ఒకరోజు ఎడబాటయిందని త్వరగా వచ్చింది. వంగి చూసింది. ముక్కు పక్కన పులిపిరి ఉంది.

ఆదివారం సాయంత్రం అది లేదు. అరిగిపోయిందని వేలితో తడిమి మరీ చూసుకుని వెళ్ళింది.

పోయింది తిరిగి రాదు కదా. వెనక గదికి నడిచింది. అతను లేడు. కిటికీ పక్క అరలో ఒక తెల్లగుడ్డ కప్పి ఉంది. తీసింది.

మూడు నాన్నలు. రెండు అరిగినవి, ఒకటి కొత్తది. పక్కన రబ్బరు అచ్చు, లోపల ఎడమకి వంగిన ముక్కు గుంట. ఆ పక్కన అట్టపెట్టెలో, మెత్తటి కాగితాల మడతల్లో, ఆమె చేత్తో చెక్కిన అసలు ముఖం.

అతను టీ కప్పులతో లోపలికొచ్చి గుమ్మంలోనే ఆగిపోయాడు.

"ఎప్పట్నించి?" అంది.

"వాన పడ్డాక వచ్చిన సోమవారం నించి. మూడు సోమవారాలు. అంత ఏడ్చారు కదా... ఆయన కరిగిపోవడం మీరు చూడలేరనుకున్నాను. అంతా అయ్యాక పెట్టె మీ చేతికిద్దామని..."

"అయితే ఈ పదిహేను రోజులూ నేను ఎవరి పక్కన కూర్చున్నాను?"

అతను అట్టపెట్టె వైపు చూశాడు.

"మా నాన్న పోయేటప్పుడు నేను పక్కన లేను. రెండు గంటలు ఆలస్యంగా వెళ్ళాను. గుర్రానికి రంగేస్తూ కూర్చున్నాను, తెలుసా! అందుకని ఇది చేశాను. ఈసారైనా దగ్గరుండి సాగనంపుదామని. మీరు ఆయన్ని తీసుకెళ్ళి పెట్టెలో పడేశారు. నేను అక్కడ... ఏదో అచ్చుబొమ్మకి కాపలా కాశాను. నన్ను మళ్ళీ ఆలస్యం చేశారండీ మీరు."

కప్పులు బల్ల మీద పెట్టాడు.

"నన్ను పెంచింది మా తాతయ్య" అన్నాడు నేల చూస్తూ. "ఆయనది ఒక్కటే ఫోటో. బాగా కనపడుతుందని కిటికీకి ఎదురుగా తగిలించాను. రెండేళ్ళ ఎండకి తెల్లకాగితం అయిపోయింది. ఇప్పుడు ఆయన ముఖం నాకు గుర్తు లేదు. మీకలా కాకూడదనుకున్నాను. అడక్కపోవడం నాదే తప్పు."

"నేనూ సగమే చెప్పాను" అనాలని నోటిదాకా వచ్చింది. కోపం దాన్ని వెనక్కి నెట్టేసింది. పెట్టెలోంచి అసలు ముఖం తీసుకుని, వెళ్ళి తొట్టి గట్టు మీద పెట్టింది. అచ్చు ముఖాన్ని తీసి అతని గుమ్మం ముందు వదిలేసింది.

*

బల్ల మీద ఖాళీ ఇప్పుడు అటు చివరి దాకా ఉంది.

ఆమె నాలుగింటికి వచ్చేది, ఆరింటికి వెళ్ళేది. అతను ఆ వేళకి ఆ గది ఛాయలకి వచ్చేవాడు కాదు. రమ్మని ఆమె అనలేదు. రాకపోతే మాత్రం ప్రాణానికి ఏమీ తోచేది కాదు. ఇంతకుముందు ఒంటరితనం గదిలో సామానులాగే ఒక మూల ఉండేది. ఇప్పుడు దానికి కాళ్ళొచ్చాయి, వెంట నడుస్తోంది. టీ దుకాణం దాటేటప్పుడు, వాన మొదలైనప్పుడు, ఏదైనా నవ్వొచ్చే సంగతి కనపడి చెప్పడానికి పక్కకి తిరిగినప్పుడు.

ఇంకో దిగులు కూడా పట్టుకుంది. పదిహేను రోజులు పెట్టెలో ఉండటం వల్ల నాన్న వెనకపడిపోయాడు. తక్కినవాళ్ళు చేపపొలుసంత మిగిలారు. నాన్న ఇంకా దాదాపు పిడికిలంత ఉన్నాడు. నలభయ్యో రోజున అన్నీ విప్పి పెట్టెల్లో సర్దేస్తారు. నాన్న సగంలో ఆగిపోతాడు. వెళ్ళినట్టూ కాదు, ఉన్నట్టూ కాదు.

కానీ విచిత్రం, అప్పట్నించి నాన్న తొందరపడ్డాడు. రోజుకి రెండు రోజులంత అరుగుతున్నాడు.

ముప్పై ఆరో రోజున కాపలా అక్క ఇక ఉండబట్టలేకపోయింది.

"అమ్మాయ్, నీకు కోపమొచ్చినా సరే చెప్తాను. మీ డాక్టరు చేతులు చూశావా?"

"ఏం, ఏమైంది?"

"పొద్దున తలుపు తీసింది మొదలు అరగంటకోసారి వస్తాడు. ఆరో ముఖంతోనే కడుగుతాడు, ఇంకోటి ముట్టడు. నీ వేళయ్యేసరికి మాయం. తోలు పగిలి నెత్తురొస్తోంది. 'ఏంటయ్యా ఈ పిచ్చి' అంటే, 'నేను ఆపిన బండి, నేనే తొయ్యాలక్కా' అంటాడు."

ఆమె లేచింది. వెనక గదిలో అతను కుర్చీలో కూర్చుని చేతులు ఒళ్ళో వెల్లకిలా పెట్టుకుని ఉన్నాడు. వేళ్ళ కణుపుల దగ్గర ఎర్రగా చీలికలు. వస్తువు అరగకుండా చూడటమే బతుకుదెరువైన మనిషి, వారం రోజులుగా ఒకదాన్ని అరగదీస్తున్నాడు.

"మీరు మళ్ళీ నన్ను అడగలేదు" అంది గుమ్మంలోంచి.

అతను ఉలిక్కిపడి లేచాడు. "ఇదీ తప్పేనా?"

"తప్పే. నేను లేనప్పుడు కడగడం తప్పు." గొంతు ఈసారి కిర్రుమనకుండానే తెరుచుకుంది. "రేపట్నించి నేను పొద్దున్నే వస్తాను. నా ముందు కడగండి. ఒకసారి మీరు, ఒకసారి నేను."

*

నలభయ్యో రోజు మధ్యాహ్నానికి ఆరో సబ్బు తమలపాకంత పల్చగా అయింది. వెలుతురుకి పట్టుకుంటే వేళ్ళు కనపడుతున్నాయి. ముక్కు లేదు, చెంపలు లేవు. అయినా ఎడమకి ఒక వాలు మాత్రం మిగిలింది.

అప్పుడు వచ్చింది అమ్మ. రెండు బస్సులు మారి వచ్చిందట. రమ్మని ముందురోజు కూతురే ఫోన్ చేసింది. "నాన్న వెళ్ళిపోతున్నాడు, వస్తావా" అంటే, అవతలినించి ఏమీ అడగకుండా "వస్తా" అన్న ఒక్క మాటే వినపడింది.

అమ్మ భుజాన సంచి దించకుండానే స్టీలు మనిషిని కింద నించి పైదాకా చూసింది. సంగతంతా కూతురు చెప్పింది. ఈసారి రెండు గంటల సంగతి కూడా, తడబడుతూ, మొత్తం.

"పిచ్చిదానా!" అంది అమ్మ. "ఆఖరి రెండు రోజులూ ఆయనకి తెలివే లేదు. అంతకుముందు తెలివున్నప్పుడు నీ గుర్రాన్ని గురించి నర్సులకి చెప్పి చంపేశాడు. రోజుకింత పెంచేవాడు. చివరికి నీ గుర్రం ఆసుపత్రి మేడంత అయింది."

ఆమె నవ్వబోయి ఏడ్చింది. అమ్మ పట్టించుకోనట్టే కుళాయి తిప్పింది.

"మన పెద్దవాళ్ళు నూరేళ్ళు చల్లగా ఉండమని దీవిస్తారు గానీ, ఎప్పటికీ ఉండమని అన్నారా ఎవరైనా? నూటొకటో ఏడు మనిషికి ఎంత చలో వాళ్ళకి తెలుసు." స్టీలు మనిషి వైపు మళ్ళీ చూసింది. "పాపం వీణ్ణి ఎవరు దీవించారో. పట్టు, చెయ్యి పట్టు."

అమ్మ అరచేతికీ ఆమె అరచేతికీ మధ్య ఆ పల్చటి బిళ్ళ జారింది. నీళ్ళు పడుతున్నాయి. నురగ తెల్లగా పొంగింది. మొదట దాని అంచు తెలిసింది. తర్వాత నడిమి మెత్తదనం తెలిసింది. తర్వాత వేలి కింద ఒక చిన్న బొడిపె, అది ముక్కో, కణతో. ఆమె కళ్ళార్పలేదు. బొడిపె పోయింది. అమ్మ చేయి తప్ప ఇంకేమీ తగలడం లేదు.

"అయిపోయిందా?" అంది అమ్మ.

"అయిపోయింది. చూశాను."

ఆ మాట రెండుసార్లు అంది.

అతను రెండడుగుల దూరంలో, గోడకి ఆనుకుని నిలబడ్డాడు. దగ్గరికి రావడానికి అనుమతి ఉందో లేదో తెలియని మనిషిలా. అమ్మ తువ్వాలుకి చేతులు తుడుచుకుంటూ అతని చేతుల్ని చూసింది.

"ఈ అబ్బాయెవరే? ఆ చేతులేంటి అలా అయ్యాయి?"

"నాన్నని పంపడానికి సాయం పట్టాడు."

అమ్మ అతన్ని ఒకసారి, కూతుర్ని ఒకసారి చూసి, సంచిలోంచి నూనె సీసా తీసి కూతురి చేతిలో పెట్టింది.

"నా కీళ్ళకి తెచ్చుకున్నాలే. రాయి."

"అయ్యో, వద్దండీ" అన్నాడతను. "నూనె చేతులతో బొమ్మల్ని ముట్టుకోకూడదు మేము."

"ముట్టుకోకు నాయనా. ఒక్కరోజు తుడవకపోతే ఏ బొమ్మా చావదు."

ఇద్దరూ బల్ల మీద కూర్చున్నారు. ఖాళీ లేదు. ఆమె సీసా వంచి అరచేతిలో నాలుగు చుక్కలు వేసుకుని అతని వేలి కణుపు మీద రాసింది. అతను పళ్ళు బిగపట్టాడు.

"మంటగా ఉందా?"

"ఉంది."

"ఎన్నాళ్ళకి తగ్గుతుంది?"

"చెప్పలేనండీ. నేను బొమ్మల డాక్టర్ని."

"తగ్గేదాకా రోజూ వచ్చి రాస్తాను."

"తగ్గిపోతే?"

ఆమె రెండో చేయి అందుకుంది. "తగ్గినా వస్తాను. ఈసారి సగం చెప్పి ఆపను. మీరంటే నాకు ఇష్టం. మీరు లేకపోతే ఈ బల్ల మరీ పొడుగైపోతోంది."

అతను నూనె చేతులతోనే ఆమె వేళ్ళు పట్టుకున్నాడు, పగుళ్ళు మండుతున్నా వదల్లేదు.

కాపలా అక్క కిటికీ బయట ఏదో ముఖ్యమైనది కనపడినట్టు అటు తిరిగింది. అమ్మ కూడా తిరగబోయి, స్టీలు మనిషి గాజుకళ్ళు సరిగ్గా ఆ బల్ల వైపే ఉండటం చూసింది.

"నువ్వూ అటు చూడవయ్యా కాసేపు" అంది కసురుతున్నట్టు.

అతను తిరగలేడు కదా. అమ్మ ఒక నిమిషం ఆలోచించి, సంచి భుజం మీదికి లాక్కుని, అతని పక్కన వెళ్ళి నిలబడింది.